బావగారి మీద గెలవకూడదు

అక్కకి సంబంధం కుదిరినప్పుడు, అబ్బాయి ఎలాంటివాడని అడిగిన ప్రతివాళ్లకీ అమ్మ ఒకటే చెప్పేది. సొంతూరు మొగల్తూరు, ఉద్యోగం రాజమండ్రిలో, మనిషి బాగా నెమ్మది. నాకు మాత్రం ఆ వివరాలతో పని పడలేదు. పెళ్లిచూపుల రోజు ఆయన ఫోను బల్ల మీద పెడితే, దాని పారదర్శకపు కవరులో ఒక కార్డు కనిపించింది. నేను ఆడే ఆటలోని కార్డు! మండపేట మొత్తానికి ఆ ఆట ఆడేది నేనొక్కదాన్నేనని అప్పటిదాకా ఒకటే ఏడుపు. అక్కకి ఆయన నచ్చారో లేదో తేలకముందే నాకు నచ్చేశారు.

ఆట తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో చెప్తాను. ఎవరి కార్డుల కట్ట వాళ్లు ఏరి కూర్చుకోవాలి, దాన్ని డెక్కు అంటాం. వంతుకొక నేల కార్డు పరుచుకోవచ్చు. నేలలు శక్తినిస్తాయి. ఆ శక్తితో జంతువుల్ని దింపి ఎదుటివాళ్ల మీదికి పంపాలి. దెబ్బ తగిలినప్పుడల్లా ప్రాణాల లెక్క తగ్గుతుంది, ముందు ఎవరిది సున్నా అయితే వాళ్లు ఓడినట్టు. కొందరు చిన్నాచితకా జంతువుల్ని మొదటి వంతు నుంచే తోలుతారు. నా పద్ధతి వేరు. మొదట్లో ఎన్ని దెబ్బలు తగిలినా ఓర్చుకుని, అదనంగా నేలలు తెచ్చిపెట్టే కార్డులే వేస్తాను. అవతలివాళ్ల దగ్గర మూడు నేలలుంటే నా దగ్గర ఆరుంటాయి. అప్పుడు దింపుతాను కొండంత మృగాన్ని. ఇలాంటి డెక్కుని ర్యాంప్ అంటారు.

ఇది ఓపికున్నవాళ్ల ఆట. నాకేమో అదే లేదు. అందుకే నా మొదటి డెక్కులో మృగాలు ఎక్కువ, నేలలు తక్కువ. పెళ్లికి ఆత్రేయపురం నుంచి పూతరేకులు తెప్పించి, అన్నం వండించడం మరిచిపోయినట్టు ఉండేది. చేతినిండా ఏనుగులు, ఒక్కదాన్ని దింపడానికీ శక్తి ఉండదు. ఆ డెక్కుతోనే ఒక ఆదివారం రాజమండ్రిలో బొమ్మల దుకాణం మేడ మీద జరిగే పోటీకి వెళ్లి, మొదటి ఆటలోనే బయటికొచ్చాను. "మీ ఏనుగులు వచ్చేసరికి షాపు కట్టేస్తారేమోనండీ" అని నన్ను ఓడించినాయన నవ్వాడు. అండీ అంటూ వెక్కిరిస్తే మరీ మండుతుంది. మళ్లీ ఆ మేడ మెట్లు ఎక్కితే ఎవరూ నవ్వకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

బ్యాంకు నుంచి ఇంటికి రాగానే కార్డులన్నీ మంచం మీద పరిచేదాన్ని. మనసు చంపుకుని ఒక మృగాన్ని తీసి, ఒక నేల తెచ్చే కార్డు పెట్టడం, పొద్దున్న లేచి మళ్లీ మృగాన్నే పెట్టడం, ఇదీ వరస. అద్దం ముందు కూర్చుని నాతో నేనే ఆడుకుంటే ఎప్పుడూ నేనే గెలుస్తాను, దానివల్ల ఏం తెలుస్తుంది? నిజంగా గెలవాలని చూసే మనిషి ఒకరు ఎదురుగా కూర్చోవాలి. నన్ను చావగొట్టాలి. అప్పుడుగానీ డెక్కులో లోపం ఎక్కడుందో తెలియదు. పెళ్లైన రెండో వారం బావగారు మా ఇంటికొస్తున్నారంటే, అక్క కంటే నేనే ఎక్కువసార్లు వీధిలోకి తొంగిచూశాను.

భోజనాలయ్యాక కార్డులు తీయబోతుంటే అమ్మ వంటింట్లోకి పిలిచింది.

"ఏమే, ఆ ఆటలో గెలుపోటములు ఉంటాయా?"

"ఆటన్నాక ఉండవా అమ్మా?"

"అయితే నువ్వు ఓడిపో."

"అదేంటమ్మా!"

"కొత్త అల్లుడు. మనింట్లో కూర్చుని, మన చేతిలో ఓడిపోయి వెళ్తే ఏం బావుంటుంది? వాళ్లమ్మగారు వింటే ఏమనుకుంటారు?" అంటూ పూతరేకుల పళ్లెం నా చేతిలో పెట్టింది. పెట్టి ఊరుకుందా, వంటింటి గుమ్మంలో పీట వేసుకుని కూర్చుంది, నేను సరిగ్గా ఓడిపోతున్నానో లేదో చూడడానికి.

ఆట మొదలైంది. బావగారి డెక్కు చిన్న జంతువులది, చకచకా మీద పడే రకం. నాకు కావలసింది సరిగ్గా అదే. మూడో వంతుకి ఆయన ముందు ఒక పులి కూడా దిగింది. నా ముందు అడ్డుకోవడానికి ఒక్క ప్రాణి లేదు. ఇంక పడుతుంది దెబ్బ అనుకున్నాను. ఆయన ఒక పూతరేకు కొరికి, "ఇప్పుడు మీ వంతండీ" అన్నారు.

"పులి ఖాళీగా ఉంది కదా బావగారూ, నా మీదికి పంపచ్చుగా?"

"ఎందుకులెండి, ఎండగా ఉంది, కాసేపు కూర్చోనివ్వండి."

నా వంతు వచ్చింది. నా ఏనుగు దిగింది. పంపితే ఆయన పని అయిపోతుంది, గుమ్మంలో అమ్మ గొంతు సవరించుకుంది. "మీరే కానివ్వండి బావగారూ" అన్నాను. "అబ్బే, ముందు మీరు" అన్నారు. అలా ఇద్దరం ఒకరినొకరు బతిమాలుకుంటూ, జంతువుల్ని వరసగా కూర్చోబెట్టుకుంటూ సాయంత్రం కాఫీలదాకా ఆడాం. ఒక్క దెబ్బ పడలేదు. తర్వాత అక్క చెప్పింది, బయల్దేరేముందు వాళ్లమ్మగారు కూడా ఆయనకి చెప్పి పంపారట, అత్తారింట్లో మరదలిపిల్లని ఓడించి ఏడిపించకని. ఇద్దరు తల్లులు కలిసి నా డెక్కు పరీక్షని గోదాట్లో కలిపారు.

పైగా అమ్మకి ఇంకో అభ్యంతరం. "అల్లుడుగారి ముందు అన్నీ చిన్నచిన్నవే ఉన్నాయి, నీ ముందు మాత్రం అన్నేసి పరుచుకున్నావేంటే? వచ్చినాయనకి పెట్టకుండా నువ్వే పెట్టుకుంటావా?" అంది. ఆట తెలియదు కాబట్టి అమ్మ దాన్ని విస్తరి లెక్కలోనే చూసింది. ఎవరి ముందు తక్కువుంటే వాళ్లకి వడ్డించాలి.

ఆ రాత్రి నాకు దొంగ తెలివి పుట్టింది. నా పెట్టెలో వాడకుండా పడున్న ఒక కార్డుంది, పేరు విందు. అది వేస్తే ఆడేవాళ్లకీ ఎదుటివాళ్లకీ కూడా రెండేసి నేలలు వస్తాయి. శత్రువుకి నేలలు పంచే కార్డుని ఎవరు పెట్టుకుంటారని దాన్నెప్పుడూ ముట్టుకోలేదు. ఇప్పుడు ఆలోచిస్తే, చిన్న జంతువుల డెక్కుకి అన్ని నేలలు దేనికి? వాళ్లకి ఇచ్చినా దండగే. నాకైతే ఏనుగు రెండు వంతులు ముందే దిగుతుంది. అమ్మకి అల్లుడి ముందు నిండుగా కనిపిస్తుంది, నాకు పని జరుగుతుంది. రెండు మృగాల్ని తీసేసి విందు కార్డులు పెట్టాను. తర్వాతి ఆదివారం విందు వేయగానే అమ్మ మొహం విప్పారింది. "బాగా పెట్టిందండీ" అని బావగారు కూడా ఒప్పుకున్నారు. అయితే దాడి మాత్రం అప్పుడూ ఎవరూ చేయలేదు, కాబట్టి ఆ కార్డు మంచిదో చెడ్డదో తేలనేలేదు.

ఈలోగా ఆషాఢం వచ్చింది. అక్క మా ఇంటికొచ్చేసింది. అత్తా కొత్త అల్లుడూ ఒక గడప దాటకూడదు కాబట్టి బావగారికి నెల్లాళ్లు మా ఇల్లు నిషేధం. అక్క మొహం వేలాడేసుకుని తిరుగుతుంటే నాకు మెరుపులా ఒక సంగతి తట్టింది. రాజమండ్రి దుకాణం మేడ మీద గడప ఉంది గానీ, అక్కడ అత్తగారు లేరు!

"పోటీకి ఒక్కదాన్నే వెళ్లనమ్మా, అక్కని తోడు పంపు" అన్నాను. అక్క అప్పటికే చీర మార్చుకుంది. అమ్మ ఇద్దరినీ అనుమానంగా చూసింది గానీ, బస్సెక్కించింది.

బావగారు కూడా పోటీకి పేరిచ్చారు. మూడు వారాల తర్వాత మొగుణ్ని చూసిన అక్కని ఒక కుర్చీలో కూర్చోబెట్టి, "ఒక్క ఆట చూసుకుని వచ్చేస్తాను" అని ఆయన బల్ల దగ్గరికి వచ్చేశారు. రెండో ఆటలో ఆయనా నేనూ ఎదురెదురుగా పడ్డాం.

"ఇక్కడ మీ అమ్మగారూ లేరు, మా అమ్మా లేదు" అన్నారు కార్డులు కలుపుతూ. "కాచుకో మరదలా."

ఎంత కమ్మగా వినిపించిందో ఆ మాట! రెండో వంతుకే తోడేలు మీద పడింది. మూడో వంతుకి పులి. నెమ్మదస్తుడన్న మనిషి కార్డుని బల్ల మీద చప్పుడయ్యేలా కొట్టారు. సగం ప్రాణం పోయినా నేను బెదరలేదు. నా చేతిలో విందు ఉంది. అది వేశాను. ఇద్దరికీ నేలలొచ్చాయి. వచ్చే వంతులో ఏనుగు, ఆ పై వంతులో ఆయన పని సరి. ధీమాగా వెనక్కి వాలాను.

ఆయన నా వంక చూశారు, నేను పంచిన నేలల వంక చూశారు, చేతిలోంచి ఒక కార్డు దింపారు. ఎనిమిది తలల పాము. అంత ఖరీదైన మృగం చిన్న జంతువుల డెక్కులో ఉండకూడదు. నా ఆట చూసి ముచ్చటపడి ఒక్కటంటే ఒక్కటి పెట్టుకున్నారట. నేను పెట్టిన విందుతో దాన్ని నా కంటే ముందు దింపి, నన్ను ముగించేశారు.

నాకు ఏడుపొచ్చింది. కుళాయి దగ్గరికి వెళ్లి మొహం కడుక్కున్నాను. అంతలోనే నవ్వూ వచ్చింది. ఎవరో ఒకరు నా మీద నిజంగా గెలిచారు, లోపం ఎక్కడుందో వేలుపెట్టి చూపించారు. మేడ మీద ఎవరూ నవ్వలేదు కూడా.

ఇంటికి రాగానే అమ్మ అడిగింది, ఓడిపోయానని చెప్పాను.

"ఎవరి చేతిలో?"

"బావగారి చేతిలో."

అమ్మ నా తల నిమిరింది. "నేను చెప్పకుండానే చేశావు. మా బంగారుతల్లివి!"

"నిజంగా ఓడిపోయానమ్మా!"

"నాకు తెలుసులేవే" అని కన్ను గీటి లోపలికి వెళ్లిపోయింది. నిజం చెప్పి నమ్మించలేకపోవడం ఎంత ఉక్రోషమో అప్పుడే తెలిసింది.

మర్నాడు అక్క ఫోను చెవి నుంచి తీసి నా దగ్గరికొచ్చింది. "నిజం చెప్పవే. ఎదుటివాళ్లకి నేలలు పంచే కార్డు బుద్ధున్నవాళ్లెవరూ వేయరట. అమ్మ చెప్పిందని కావాలనే ఓడిపోయావా? ఆయన నిద్రపోలేదట" అంది. పాపం, కొత్త దంపతులు, ఆషాఢంలో దొరికే ఆ కాస్త ఫోను మాటలూ నా విందు కార్డు గురించే.

ఒక్క మాటతో ఆయన్ని గట్టెక్కించచ్చు. కావాలని కాదండీ, నా తెలివితక్కువేనని చెప్తే సరి. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ అలా చెప్తే ఆయన హాయిగా గెలుపు జేబులో వేసుకుని, మా ఇంటికొచ్చినప్పుడల్లా మళ్లీ ముందు మీరంటే మీరంటారు.

"ఇంకోసారి ఆడితే ఆయనకే తెలుస్తుందని చెప్పు" అన్నాను.

శ్రావణం వచ్చిన మొదటి ఆదివారం బావగారు కాళ్లు కడుక్కుని లోపలికొస్తూనే, కాఫీ గ్లాసు పక్కన పెట్టి డెక్కు తీశారు. రెండో వంతుకే తోడేల్ని వదిలారు, మొహమాటం లేదు, మర్యాద లేదు. నా ప్రాణాలు గబగబా తరుగుతుంటే గుమ్మంలోంచి అమ్మ నా వంక మెచ్చుకోలుగా చూస్తోంది. నేను కొంగు బిగించి కూర్చున్నాను, ఆయన్ని ఓడించడానికి.