కార్బురేటర్ కంత, షెడ్డు తాళంచెవి

మా అక్క నాగవ్వ గురించి తాండూరులో ఎవరినడిగినా ముందు ఆమె నోటి గురించే చెబుతారు. చెప్పుకోనీ! ఆ నోరే లేకపోతే స్టేషన్ రోడ్డులోని మోటారు షెడ్డు ఎప్పుడో ఆమె చేయి దాటిపోయేది.

అక్క మొగుడు కిష్టయ్య మెకానిక్కు. ఏళ్ల తరబడి ఆయనకు పానాలందిస్తూ, కార్బురేటర్లు విప్పి కడుగుతూ అక్క పనంతా నేర్చుకుంది. 1961లో ఆయన జ్వరంతో పోయాడు. దినాలు కాగానే ఆయన అన్న జంగప్ప షెడ్డుకు తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. అతను నాపరాళ్ల లారీ నడిపేవాడు. "ఆడిది ఇంజను ముడితే బండి దెచ్చేదెవడు?" అన్నాడు. మా దిక్కు మొగుడి అన్న ఎదుట కొంగు కప్పుకోకుండా నిలబడరు, మొహం చూసి మాట్లాడరు. అక్క తలుపు చాటునుంచే అడిగి అడిగి విసిగిపోయింది. నాకైతే ఒళ్లు మండిపోయేది.

ఆ వానాకాలం ఊరి పెద్ద జనార్దన్ పటేలు తన పాత అమెరికా కారును షెడ్డుకు పంపాడు. అనంతగిరి గుట్ట మీది ఆసుపత్రిలో ఉన్న తమ్ముణ్ని చూసి, అటే వికారాబాద్ పోవాలి ఆయనకు. బండేమో గడగడా వణికి ఆగిపోతోంది. ఆ కారు వైపర్లు ఇంజను గాలి లాగే బలంతో ఆడేవి. చెడిపోయాయని ఎవరో వైపర్లతోపాటు వాటి సన్నగొట్టాన్నీ పీకేశారు. కార్బురేటర్ అడుగున దాని కంత మాత్రం నోరు తెరుచుకునే ఉంది. అందులోంచి ఉత్తగాలి దూరుతోంది.

జంగప్ప షెడ్డు తెరిచి ఆ కంత చూశాడు, కాదనను. లారీ టాంకు కారితే సబ్బు మెత్తడం డ్రైవర్లకు అలవాటే. ఇక్కడా బట్టల సబ్బు నలిపి కుక్కాడు. అంతటితో ఆగాడా మహానుభావుడు! పక్క కంతకున్న మంచి గొట్టాన్ని కూడా ఊడబీకి, దానికీ సబ్బు పెట్టాడు. బండి కదిలింది గానీ పెద్దేముల్ చేరకముందే వేడికి సబ్బు కరిగి లోపలికి పోయింది. ఎడ్లను కట్టి వెనక్కి లాక్కొచ్చారు.

"కార్బేటరే సచ్చింది పటేలా, కొత్తది దేవాలె" అన్నాడు జంగప్ప, సిగ్గు లేకుండా.

అప్పుడొచ్చింది అక్క. నెత్తిన ముసుగు లేదు. కొంగు నడుముకు దోపుకుని అతని మొహంలోకే చూసింది.

"సచ్చిందో బతికుందో నేను జూస్త. బండి గుట్ట ఎక్కితే షెడ్డు నాది. ఎక్కకపోతే ఇగ గీ గడప తొక్క. ఏమంటవ్ బావా?"

"ఏం కాలమొచ్చెరా! నా మొకం జూసి మాట్లాడ్తవా?"

"కానియ్యి జంగప్పా, నాకు బండి గావాలె" అన్నాడు పటేలు. నలుగురి ముందు కాదనలేక జంగప్ప తలూపాడు.

అక్క సబ్బంతా కడిగి, ఇంజను తిప్పించి, మొదటి కంత దగ్గర దారప్పోగు పట్టింది. కంత దాన్ని గుటుక్కున గుంజింది. "గిది వైపర్లది." రెండో దాని దగ్గర దారం కదల్లేదు. ఆక్సిలేటర్ తొక్కించగానే అదీ గుంజింది. "గిది ఇంజన్ల నిప్పురవ్వ జర ముందుగాల్నే పడేటట్టు జేసేది. దీన్ని మూస్తే గుట్టకాడ బండికి దమ్ముండది."

"రెండూ మూసెయ్యి! గాలంతా బయటికి పోతది" అని అరిచాడు జంగప్ప.

"పోదు బావా, లోపలికొస్తది. కారే కంతకు సబ్బు ఆగుతది. గుంజే కంతకు పెడితే మింగుతది."

రెండోదానికి దాని గొట్టం దానికి తగిలించింది. మొదటిదానికి సైకిల్ ట్యూబు ముక్క తొడిగి, కొసన తుమ్మకట్టె బిరడా బిగించి, సన్నతీగతో చుట్టింది. ఇంజను వణుకు ఆగింది.

తెల్లారి అక్క ముందు సీట్లో డ్రైవరు పక్కనే కూర్చుంది. మొగుడు పోయిన మనిషి ముందు కూర్చోవడమేమిటని చూసినవాళ్లు గొణిగారు. గొణుక్కోనీ! ఎవడాపుతాడో చూద్దామని నేనూ వెనక ఎక్కాను. పటేలుకు అటుపక్క జంగప్ప.

అనంతగిరి మలుపులో బండల లారీ అడ్డంగా ఆగి ఉంది. మా కారూ ఏటవాలులో ఆగాల్సి వచ్చింది. లారీ తప్పుకున్నాక డ్రైవరు భయపడుతూ అక్క వైపు చూశాడు.

"తొక్కు" అంది అక్క.

బండి ఒక్క ఊపున ఎక్కేసింది. పటేలు ఆసుపత్రి ముందు దిగి, "షెడ్డు నాగవ్వదే జంగప్పా" అని లోపలికి వెళ్లాడు.

జంగప్ప మొలతాడు నుంచి తాళంచెవి విప్పి, అక్క కాళ్ల ముందు బురదలో విసిరాడు. వంగి తీసుకోబోయాను. అక్క నా రెక్క పట్టుకుని ఆపింది.

"తీసి నా చేతికియ్యి బావా."

చుట్టూ జనం చూస్తున్నారు. అక్క చెయ్యి చాపి అట్లాగే నిలబడింది.

జంగప్ప వంగాడు.