తాతయ్య నిమజ్జనం చేసిన జిగ్గురాత్

వాన వెలిశాక, అమెరికాలో నేను పెరిగిన మోరిస్‌విల్ ఎర్రమట్టి వాసన ముక్కుకు తగిలిందంటే చాలు, నేను మళ్ళీ ఆరో తరగతికి వెళ్ళిపోతాను. రెండు నదుల మధ్య సుమేరియన్లు మట్టి ఇటుకలతో ఊళ్ళు కట్టారనీ, బాబిలోన్ వెలిగి ఆరిందనీ, అందరినీ గెలిచిన అసిరియన్ల రాజధాని చివరికి మంటల్లో కాలిపోయిందనీ టీచర్ చెబుతుంటే చెవులప్పగించి వినేదాన్ని. ప్రాజెక్టుకి అందరూ షుగర్ క్యూబులతో గుడి కడుతుంటే, నేను మాత్రం అసలైన మట్టితోనే, మెట్లు మెట్లుగా ఉండే వాళ్ళ గుడి జిగ్గురాత్‌ని కడతానని పంతం పట్టాను.

అవి వినాయక చవితి రోజులు. గుడివాడ నుంచి వచ్చి మా ఇంట్లో ఉన్న తాతయ్య పెరట్లో మట్టి తవ్వి, రాళ్ళు ఏరి, మెత్తగా పిసికి ఒక ముద్దతో వినాయకుణ్ణి చేస్తే, రెండో ముద్దతో నేను గుడి కట్టాను. రెండూ ఒకే పీట మీద ఆరాయి. ఉండ్రాళ్ళ ఆవిరి, అగరుబత్తి పొగ, పత్రిలో చోటు సంపాదించుకున్న మేపుల్ ఆకుల మధ్య ఆయన నా గుడికి కూడా పసుపు కుంకుమ పెడితే మురిసిపోయాను.

ఆదివారం నేను బర్త్‌డే పార్టీ నుంచి వచ్చేసరికి పీట ఖాళీగా ఉంది. డెక్ మీద నీలం టబ్బులో వినాయకుడితో పాటు నా జిగ్గురాత్ కూడా కరిగిపోయింది.

"తాతయ్యా! అది గాడ్ కాదు, నా ప్రాజెక్ట్! టుమారో ఇవ్వాలి!"

"పూజ చేశాక నీళ్ళలో కలపాలి కదే బుజ్జులూ! దాన్నొక్కదాన్నే ఎట్లా ఉంచను?"

వెక్కివెక్కి ఏడ్చాను. తాతయ్య పక్కన కూర్చుని, ఇంతకీ ఆ ఊళ్ళు ఏమయ్యాయని అడిగాడు. వానలకు కరిగి దిబ్బలైపోయాయనీ, కాలిన ఊళ్ళో మట్టి రాతపలకలు మాత్రం గట్టిపడి మిగిలాయనీ ముక్కు చీదుకుంటూ చెప్పాను.

"మరింకేం, మనమూ కాల్చేద్దాం పద."

టబ్బు అడుగున పేరుకున్న బురదతో పలక చేసి, అగరుబత్తి పుల్లతో దాని మీద నా పేరు రాశాడు. అమ్మ సణుగుతూనే ఒవెన్ వెలిగించింది. మర్నాడు తెల్లటి పంచదార గుళ్ళ పక్కన గిన్నెడు ఎర్రబురద, ఒక పలక పెట్టి, ఆ ఊళ్ళ కథ ఇలా ముగిసిందని క్లాసుకి చెప్పాను. టీచర్ చప్పట్లు కొట్టింది. అయినా నా గుడి లేదన్న దిగులు చాన్నాళ్ళు పోలేదు.

ఇప్పుడు ఆ ఇల్లు మాది కాదు. రంగుల వినాయకుడు స్టోర్ నుంచి వస్తున్నాడు. తాతయ్య లేడు. పలక మాత్రం నా కిటికీలో ఉంది, ఒక మూల పెచ్చు ఊడింది. ఆయన రాసింది నా బడిపేరు కాదు, "బుజ్జులు" అని. అక్షరాలు ఇంకా స్పష్టంగానే ఉన్నాయి. ఆ పేరుతో నన్ను పిలిచేవాళ్ళే లేరు.