మొగిలి తాత వంతు తిన్న కుక్కపిల్ల

మా బాపమ్మ పేరు బూదవ్వ. కోరుట్లలో ఆ పేరు పెట్టి పిలిచేవాళ్లు ఎవరూ మిగలలేదు. బీడీల కంపెనీలో గుమాస్తా ఒక్కడే పిలుస్తాడు, అదీ ఆమె చుట్టిన బీడీలు పనికిరావని తిప్పి ఇచ్చే రోజున.

పుట్టింది రుద్రంగిలో. పాలపళ్లు ఊడకముందే తునికాకు కత్తిరించడం నేర్చిందట. కల్లు గీయడానికి తాళ్లెక్కే మొగిలి తాతను చేసుకొని కోరుట్లకు వచ్చింది. అప్పటి నుంచి ఒళ్లో చాట, చాటలో ఆకు, తంబాకు. ఆమె ఒరిగి కూర్చునే చోట గోడ సున్నం అరిగి, వీపు ఆకారం పడింది. "బాపమ్మా, నీ ఫోటో మంచిగ పడ్డది" అని నేను దాన్ని చూపిస్తే చాట విసిరేది. ఎప్పుడూ తగలకుండానే విసిరేది.

తాతను మాత్రం ఒక్క మాట అనేది కాదు. మొగుడి పేరు పలకదు, మొగుణ్ని ఎదురుగా తిట్టదు. అందుకని ఇంట్లో ఒక కోడిని పెంచింది. తాత కల్లు తాగి ఊగుతూ వచ్చి ప్రహరీ గోడ పక్కనే పని కానిచ్చి లోపలికి రాగానే, బాపమ్మ కోడి వైపు తిరిగేది.

"ఏమే కోడీ, పొద్దంత తిరిగి గిప్పుడా అచ్చుడు? తాగిన నోటికి అన్నం గావాల్నా? గోడలు ఖరాబ్ చేసుటానికి సిగ్గన్న లేదా?"

కోడికి ఏమీ అర్థమయ్యేది కాదు. తాత తల వంచుకొని చారు కలుపుకునేవాడు.

సకల జనుల సమ్మె మొదలైన రోజుల్లో తాతకు జ్వరం పట్టుకుంది. తగ్గినట్టే తగ్గి, మళ్లీ వచ్చి, ఒక పొద్దున లేవలేదు. మా బాపు నర్సింగం ఆర్టీసీలో కండక్టరు. సమ్మెలో ఉన్నాడు కాబట్టి ఇంటిపట్టునే ఉన్నాడు. బస్సులు లేక మా అత్త జగిత్యాల నుంచి ఇసుక ట్రాక్టర్ ఎక్కి వచ్చింది. సిరిసిల్ల నుంచి బాపమ్మ తమ్ముడు చేరేసరికి అంతా అయిపోయింది.

బాపమ్మ ఏడవలేదు. అత్త ఆమె భుజాలు పట్టుకొని "ఏడువే అవ్వా, జర ఏడువే" అని ఊపింది. ఊపినంతసేపు ఊగింది. వదిలేశాక ఆగింది. చేతి గాజులు తీసేటప్పుడు కూడా, గాజులమ్మే ఆమెకు కొలత ఇస్తున్నట్టు చేతులు చాపి పెట్టింది.

మూడో రోజు పిట్టకు పెట్టారు. పోయినవాడికి ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టి, పూడ్చిన బొంద దగ్గర ఉంచి దూరంగా నిలబడాలి. కాకి వచ్చి ముడితే ఆయన తిన్నట్టు. ముట్టేదాకా ఇంట్లో ఎవరూ తినకూడదు. తాత విస్తరిలో అన్నం, యాటకూర, ఒక కట్ట బీడీలు, దొప్పలో కల్లు పెట్టారు. అందరం చెట్ల వైపు చూస్తున్నాం. ఆ రోజే రోడ్డు మీద ర్యాలీ. డప్పులు, పటాకులు, "జై తెలంగాణ" కేకలు. కోరుట్ల కాకులన్నీ లేచి మెట్‌పల్లి దిక్కు పోయినట్టున్నాయి. ఎండ ఎక్కుతోంది. కడుపులు మాడుతున్నాయి.

తుమ్మ పొదల్లోంచి ఒక కుక్కపిల్ల వచ్చింది. గోధుమరంగు, కాళ్లకంటే పొట్ట పెద్దది. ఎవరూ కదిలేలోపు యాటకూర తినేసింది. దొప్పలో మూతి పెట్టి కల్లు నాకింది. నాలుగడుగులు వంకరగా నడిచి, పక్కనే ఉన్న రాయి దగ్గర ఉచ్చ పోసింది.

తాతతో కలిసి తాళ్లెక్కిన మల్లేశం తాత ఆకలికి ఓర్చుకోలేడు. రెండు చేతులు జోడించి గట్టిగా అన్నాడు.

"ఇంకేం జూస్తరే! మొగిలే అచ్చిండు. తాగిండు, తిన్నడు, గోడ దొర్కక రాయి మీద పోసిండు. గాయిన గాకపోతే ఎవలు? నడువుండ్రి, అన్నాలు పెట్టుండ్రి."

అందరూ నవ్వారు. చావు ఇంటివాళ్లం మేమూ నవ్వాం. బాపమ్మ నవ్వలేదు. వెళ్లి కుక్కపిల్లను కొంగులో పెట్టుకుంది.

"నడువయ్యా, ఇంటికి పోదాం" అంది.

నేను పదో తరగతి లెక్కల్లో తప్పి ఇంట్లో కూర్చున్న కాలమది. కాబట్టి ఆ కుక్కపిల్ల చేసినవన్నీ ఎత్తిపోసింది నేనే. మొదటి రోజు తాత మంచం మీద పోసింది. రెండో రోజు, తడి గుడ్డలో చుట్టి పెట్టిన తునికాకు మీద. బర్రె పాలు పోస్తే పొట్ట చెడి ఇల్లంతా పారింది.

"బాపమ్మా, తాత దేవుని అర్ర కాడ దొడ్డికి కూసున్నడు" అని నేను కేకేసేదాన్ని.

ఆమెకు కోపం రాలేదు, నవ్వూ రాలేదు. "బూడిద పోసి ఎత్తు బిడ్డా" అనేది. అంతే.

ఇంట్లో కుక్క అనే మాట బంద్ అయింది. ఎవరన్నా అంటే బాపమ్మ అన్నం ముందు నుంచి లేచిపోయేది. బాపు "అది" అనేవాడు. అమ్మ పేరు పద్మ, ఆమెకు బాపమ్మ ముందు నోరు లేవదు, "మామ... అది" అని మింగేది. పక్కింటి మార్కండేయులు మగ్గం నేసే మనిషి. గోడ మీదుగా సలహా ఇచ్చాడు.

"వదినా, పోసిన కాడ ముక్కు రాయి. రొండుసార్లు రాస్తె మల్ల పోయది."

"మొగని ముక్కు ఉచ్చకు రాస్తరా మరిదీ?" అంది బాపమ్మ, బీడీ చుడుతూనే.

మార్కండేయులు తల గోడ కిందికి దిగిపోయింది.

మా అమ్మ పుట్టింట్లో కుక్కలున్నాయి. ఆమెకు పద్ధతి తెలుసు. "ముక్కు రాసుడు ఒద్దత్తమ్మా, భయపడి మంచం కింద పోస్తది. పాలు బంద్ జేసి సల్లన్నం పెడుదాం. తిన్నంక ఒక్కపారి, నిద్ర లేసినంక ఒక్కపారి బయట ఇడువాలె. పోసినంక మంచిగ మాట్లాడాలె. అంతే, అలవాటైతది."

"ఆయనకు నేను టైం జెప్పాల్నా? ఇన్నేండ్ల సంది చెప్పిన్నా?"

అమ్మ పాల గిన్నె మళ్లీ నింపింది.

పళ్లు వస్తున్నాయేమో, దానికి కొరకనిదే పొద్దుపోయేది కాదు. బాపు చెప్పులు, నా లెక్కల పుస్తకం కొరికింది. పుస్తకం సంగతికి నేను దానికి దండం పెట్టాను. తాత చెట్టెక్కే మోకు దూలానికి వేలాడుతుంటే, దాని కొస పట్టి గుంజి గుంజి పీచు చేసింది. బాపు అరిస్తే "ఆయన మోకు, ఆయన ఇష్టం" అంది బాపమ్మ. ఆమె వేళ్లనూ వదల్లేదు. సూదుల్లాంటి పళ్లు దిగి, తునికాకు మీద రక్తం చుక్కలు పడ్డాయి. ఆమె ఆ వేలిని ఎవరిదో అన్నట్టు చూసి, ఆకు తుడిచి, తంబాకు వేయకుండానే బీడీ చుట్టి దారం కట్టింది. ఆ వారం చాలా బీడీలు ఖాళీగా వచ్చాయి. కంపెనీలో గుమాస్తా అన్నీ వెనక్కి ఇచ్చాడు. "బూదవ్వా!" అని పేరు పెట్టి పిలిచాడు కూడా. ఆమె వెనక్కి తిరిగి చూసింది, ఎవరినో పిలుస్తున్నారని.

నొప్పి లేదా అని అడిగితే "ఏమో" అనేది. ఆకలి కాలేదా అంటే "ఏమో". దానికి పెట్టాకే తాను రెండు బుక్కలు మింగేది.

ఇట్లా నడుస్తుండగా అది మా తమ్ముడు అభిలాష్ మడమ పట్టుకుంది. వాడు చిన్నవాడు, ఉరికాడు. ఉరికితే కుక్కపిల్లకు ఆట. పళ్లు బాగానే దిగాయి. బాపు సమ్మె శిబిరం నుంచి పరుగెత్తుకొచ్చి, ఎవరి బండో అడుక్కొని, వాణ్ని జగిత్యాల తీసుకుపోయి సూది వేయించాడు. మళ్లీ మళ్లీ పోవాలని చెప్పి పంపారట. వచ్చేసరికి మనిషి దుమ్ము కొట్టుకుపోయి ఉన్నాడు.

"అవ్వా, రేపు మార్కండేయులోల్లు జీపుల కొండగట్టుకు పోతుండ్రు. దీన్ని పంపుత. ఆడ గుడి కాడ కొబ్బరి ముక్కలకు కొదువ లేదు. బతుకుతది."

బాపమ్మ కుక్కపిల్లకు ఉడికించిన గుడ్డు పెట్టింది.

తెల్లారి జీపు వాకిట్లో ఆగింది. బాపు గోనెసంచి తెచ్చాడు. బాపమ్మ కుక్కపిల్లను ఒళ్లో పెట్టుకొని, గోడ మీది తన ఆకారంలో సరిగ్గా ఇమిడి కూర్చుంది. లేవదని తెలిసిపోయింది.

"ఇయ్యి అవ్వా."

"మీ బాపును సంచిల ఏస్తవారా?"

మా బాపు కండక్టరు. టికెట్ లేని వాళ్లతో రోజూ మాట్లాడే మనిషి. కోప్పడలేదు. సంచి కింద పెట్టి ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు.

"అవ్వా, ఒక్క మాట అడుగుత. బాపు తాగిండు, గోడల మీద పోసిండు, నిన్ను సతాయించిండు. అన్ని నిజమే. గని పోరగాండ్ల మీద ఎన్నడన్న చెయ్యి లేపిండా? అభిలాష్‌ను ఎత్తుకుంటె దించిండా? మా బాపు మనవణ్ని కరుస్తడా? నువ్వే చెప్పు. గీయన బాపే అయితె మనిషి లెక్కనే ఉండాలె, ఉండకుంటె కొండగట్టుకు పోవాలె. కుక్కనే అయితె చెప్పు, ఈన్నే ఉంటది, మనం నేర్పుకుందాం."

బంద్ అయ్యాక ఇంట్లో మొదటిసారి బాపు కుక్క అనే మాట పలికాడు. ఆమె లేచిపోలేదు. బయట జీపు హారన్ కొట్టింది. మార్కండేయులు "నర్సింగం, పొద్దెక్కుతున్నది" అన్నాడు.

అభిలాష్ కట్టు కట్టిన కాలితో గడప దగ్గర నిలబడ్డాడు. కుక్కపిల్ల ఒళ్లోంచి జారి, తోక ఊపుకుంటూ నేరుగా వాడి రెండో మడమ మీదికి పోయింది.

బాపమ్మ చాట ఎత్తి నేల మీద ఫట్టున కొట్టింది. తంబాకు ఎగిరి అందరికీ తుమ్ములొచ్చాయి.

"చల్! కుక్కా! పోరనిమీదికి పోతవా? కుక్కా!"

అది అక్కడే చెవులు వాల్చి కూలబడింది. బాపమ్మ కూడా తన గొంతు విని బెదిరినట్టు, చాట పట్టుకొని నిలబడిపోయింది. కాసేపటికి కుక్కపిల్ల మెడ పట్టుకొని బయటికి నడిపించింది. ప్రహరీ దాటి ఖాళీ జాగాలో వదిలి, నడుము మీద చేతులు పెట్టుకొని కాపలా నిలబడింది. అది గడ్డి వాసన చూసింది, గుండ్రంగా తిరిగింది, చివరికి పోసింది.

"ఆఁ. గట్ల," అంది.

జీపు వెళ్లిపోయింది. మా అమ్మ పాత గుడ్డకు ముడులు వేసి, నీళ్లలో తడిపి కుక్కపిల్లకు కొరకడానికి ఇచ్చింది. అభిలాష్‌కు ఉరకొద్దని, అది మీదికొస్తే కట్టెలాగా నిలబడమని నేర్పింది. నేను ఫినాయిల్ పోసి తాత మంచం కింద కడిగాను. ఎవరికీ సంతోషంగా లేదు.

బాపమ్మ చిందిన తంబాకును ఏరి చాటలో వేసుకుంది. ఒక ఆకు తీసింది, చుట్టలేదు.

"పద్మా," అని పిలిచింది. "ఆయన పోయి ఎన్ని దినాలయింది?"

తాత పోయాడనే మాట ఆమె నోట అంతవరకు రాలేదు. అమ్మ చెప్పింది. "ఇరువై దినాలయింది అత్తమ్మా."

"మరి నాకెవలు జెప్పలే," అంది బాపమ్మ.

నువ్వు అక్కడే ఉన్నావు కదా అని నా నోటి దాకా వచ్చింది. అమ్మ వెళ్లి ఆమె పక్కన కూర్చుని, చాటలోంచి ఇంకో ఆకు తీసుకొని కత్తెర పట్టింది.