మామ వీపు

ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, అమ్మకు కూడా. కొత్త యాక్షన్ సినిమాలనూ, రాబోయే సూపర్ హీరో కామిక్స్‌నూ ఏకిపారేస్తూ ఫోన్లో ఒక పేజీ నడుస్తుంటుంది. దాన్ని రాసేది రిటైరైన లెక్కల మాస్టారని చదివేవాళ్ల నమ్మకం. "అంకుల్, ఈసారి మస్తు ఇచ్చిన్రు" అనీ, "అంకుల్, బీపీ గోలి వేసుకుని రాయండి" అనీ కింద రాస్తుంటారు. ఆ అంకుల్‌ని నేనే. నాకు ఇరవై ఆరేళ్లు. హబ్సిగూడలో ఒక కోచింగ్ సెంటర్‌లో ప్రశ్నపత్రాలు టైప్ చేస్తాను. షేర్ ఆటోలో "ఇక్కడ ఆపండి" అనడానికి నోరు రాక, ఇంకెవరో దిగేదాకా కూర్చుని, చిల్కానగర్‌లోని మా ఇంటికి వెనక్కి నడిచొచ్చే మనిషిని. నోటితో అనలేనివి డైరీలో రాసుకుంటాను. డైరీలో కాస్త కారంగా కుదిరిన పేజీలను టైప్ చేసి ఆ అంకుల్ పేరు మీద పెట్టడం మూడేళ్ల కిందట మొదలైంది.

ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, మొన్న ఉప్పల్ మెట్రో మెట్ల కింద పుస్తకాల బండి మీద నేను ఒకప్పుడు ఏకిపారేసిన ఒక కామిక్ కనబడింది. ప్లాస్టిక్ కవర్లో, బట్టల క్లిప్పుకు వేలాడుతోంది. కొని ఇంటికి తెచ్చి చివరి పేజీ ముందు తిప్పాను. అక్కడ పనిచేసినవాళ్ల పేర్లున్నాయి. గీసినవాళ్లు, రంగులు వేసినవాళ్లు, అక్షరాలు పేర్చినవాళ్లు, ఆఖరికి ఆఫీసులో టీ తెచ్చినాయన పేరు కూడా. మా మామ పేరు ఉండాలి. లేదు. అది లేకుండా పోవడానికి కారణం నేను.

మా మామ, అంటే అమ్మ తమ్ముడు, సినిమాల్లో ఫైటర్. హీరో కాలు లేపితే గాల్లోకి లేచి కూరగాయల బండ్ల మీద పడే పదిమందిలో ఒకడు. నాచారంలో పాత స్టూడియో వెనక సందులో ఇల్లు. చిన్నతనంలో గోడెక్కి షూటింగ్ చూస్తుంటే, ఒకరోజు మనిషి తక్కువయ్యాడని లోపలికి పిలిచారట. ఆరోజు పడడం మొదలుపెట్టినవాడు ముప్ఫై ఏళ్లుగా పడుతూనే ఉన్నాడు. ఆయన ముఖం తెర మీద ఎవరూ చూసి ఉండరు. హీరో మీదికి వెళ్లే మనిషి కదా, కెమెరాకు ఎప్పుడూ వీపే. అద్దాలు పగలగొట్టుకుని కిటికీలోంచి బయటపడే షాట్ ఒకదాంట్లో ఎడమ భుజం విరిగింది. కట్టు పూర్తిగా విప్పకముందే మళ్లీ పనికి వెళ్లడంతో ఆ భుజం కాస్త కిందికే అతుక్కుపోయింది. "పెండ్లై ఇరవై ఏండ్లాయె. నాకు గుడ ఈయన ముఖం కంటె వీపే ఎక్కువ ఎరుక" అంటుంది అత్తమ్మ.

మామ చేసిన సినిమా విడుదలైతే ఇంటిల్లిపాదీ ఉప్పల్‌లో పాత థియేటర్‌కు వెళ్లేవాళ్లం. దానికొక నియమం ఉండేది. తాను ఏ ఫైట్‌లో, ఎక్కడ ఉన్నాడో మామ ముందుగా చెప్పడు. ఎంత బతిమాలినా చెప్పడు. "ముందుగాల చెప్తే మజా ఏముంటది? మీరే పట్టుకోవాలె" అనేవాడు. మొదట పట్టుకున్నవాళ్లకు ఇంటర్వెల్‌లో మిర్చి బజ్జీ. హాలంతా హీరోకు ఈలలు వేస్తుంటే నేను చీకట్లో కళ్లు చిట్లించి ఒక పక్కకు దిగిన భుజం కోసం వెతికేదాన్ని. కనబడగానే మామ చొక్కా చేయి లాగి, "మామా, ఎర్ర బనీను, స్తంభం కాడ" అనేదాన్ని. ఆయన నావైపు తిరిగేవాడు కాదు. తెర మీదే చూపు పెట్టి "ఆఁ" అనేవాడు, అంతే. నా జన్మలో నేను ఇన్ని బహుమతులు గెలుచుకున్న పోటీ ఇంకొకటి లేదు. బడిలో హాజరు పలకడానికి కూడా గొంతు పెగలని పిల్లకు ఆ "ఆఁ" ఎంత పెద్దదో మామకు తెలుసో లేదో.

పడడం ఎలాగో కూడా ఆయనే నేర్పాడు. వాళ్ల డాబా మీద పాత పరుపు వేసి, గడ్డం ఛాతీకి ఆనించమనేవాడు. ముందు అరచెయ్యి నేలను కొట్టాలి, తర్వాత భుజం, ఆ తర్వాత నడుము. తల మాత్రం ఎప్పటికీ తగలకూడదు. "గుద్దెటోనిది ఏముంది బిడ్డా, చెయ్యి ఊపుతడు. పడెటోడే ఫైట్ చేస్తడు" అనేవాడు. అంకుల్‌కు స్టంట్ల సంగతి ఇంత లోతుగా ఎలా తెలుసని నా పాఠకులు ఆశ్చర్యపోతుంటారు. తెలిసినదంతా ఆ పరుపు మీదిదే.

అందుకే ఇప్పటి సినిమాలంటే నాకు అంత చిరాకు. వాటిలో పడేవాడే లేడు. కంప్యూటర్లో రెండు వందల మందిని తయారుచేస్తారు, హీరో ఒక్క విసురు విసురుతాడు, రెండు వందల మందీ ఫ్యాన్ కింద పెట్టిన కాగితాల్లా లేచిపోతారు. ఒక్కడికీ బరువుండదు, ఒక్కడి ముఖంలోనూ నొప్పి ఉండదు. హీరో చేతిలో ఆయుధం ఏటేటా పెరుగుతుంది. గొడ్డలి అయింది, మరతుపాకీ అయింది, మొన్నొకడు ఓడ లంగరు పీకి తిప్పాడు. వర్షం ఊరంతా మానేసి అతని మీదే కురుస్తుంది. అతను లేనప్పుడు అందరూ అతని గురించే మాట్లాడుకుంటారు. తీరా వచ్చాక అతను నోరు విప్పడు, డప్పులు మాట్లాడతాయి. మధ్యలో పది నిమిషాలకు ఒక చెల్లెలు వస్తుంది. ఆమె చచ్చిపోతే తప్ప మిగతా వాళ్లను చంపడానికి ఆయనకు అనుమతి దొరకదు మరి. మూడు గంటల సినిమాలో ఒక్కరూ కూర్చుని అన్నం తిన్న పాపాన పోరు. చివర్లో కథ ముగించడం చేతకాక, చీకట్లో ఇంకెవడిదో నీడ చూపించి రెండో భాగం ఉందంటారు. మొదటి భాగమే లేదు కదా అని రాశాను ఒకసారి. అది చాలామందికి నచ్చింది.

కామిక్స్ వాళ్లు ఇంకో రకం. ముందు పుస్తకం, తర్వాత సినిమా, ఆ తర్వాత టిఫిన్ డబ్బాల మీద బొమ్మలు. ఈ ఏడాది ఐదుగురు వీరులు రాబోతున్నారని ప్రకటించారు. ఒకడికి ఉల్క వల్ల శక్తి, ఒకడికి తాత ఉంగరం వల్ల, ఇద్దరికి పిడుగు వల్ల, ఒకడికి ఎందువల్లనో గీసినవాళ్లకే తెలియదు. నలుగురికి తల్లిదండ్రులు లేరు. ఐదోవాడి తల్లిదండ్రులు మొదటి పేజీలో పోతారు. అందరూ చార్మినార్ దగ్గరే కొట్టుకుంటారు. పాపం, చార్మినార్‌ను ఇప్పటికి మూడుసార్లు పగలగొట్టారు. ఏ రాక్షసుడూ ఉప్పల్ వైపు రాడు. వస్తే రింగురోడ్డు సిగ్నల్ దగ్గర ఇరుక్కుంటాడు, లోకం దానంతటదే బాగుపడుతుంది. ఇన్ని అంటున్నాను గానీ అన్నీ మొదటిరోజే చూస్తాను, అన్నీ చదువుతాను. అసహ్యించుకునేవాళ్లు ఇంత క్రమం తప్పకుండా వెళ్లరని నాకూ తెలుసు.

మామకు పని తగ్గిపోయి రెండేళ్లవుతోంది. కిందటేడు ఒకరోజు నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఏదో కంప్యూటర్ ఆఫీసులో పని దొరికిందన్నాడు. ఏం పని అని అమ్మ అడిగితే నవ్వి ఊరుకున్నాడు. నేనూ పట్టించుకోలేదు. ఆ తర్వాత కొన్నాళ్లకు ఆ ఐదుగురిలో ఒకడి పుస్తకంలోంచి ఎనిమిది పేజీలు ముందుగా ఫోన్లో వదిలారు. నాకు చేతినిండా పని దొరికింది. పేజీ అడ్డంగా వీరుడు ఎదురుగా నిలబడి ఉన్నాడు, కింద దెబ్బలు తిన్న దుండగులు. నేను ఇలా రాశాను: "ఈయన లోకాన్ని మోయడానికి వచ్చినట్టు లేడు, మూడంతస్తులు గ్యాస్ బండ మోసి వచ్చినట్టున్నాడు. కుడి భుజం పూర్తిగా దిగిపోయింది. ఎగరడం సంగతి తర్వాత, ముందు ఎవరైనా ఈయనను ఎముకల డాక్టర్‌కు చూపించండి. అసలు గుద్దేవాడిదేముంది, చెయ్యి ఊపుతాడు, పడేవాడే ఫైట్ చేస్తాడు. ఇక్కడ పడ్డవాళ్లే నయం, నిటారుగా పడ్డారు." ఇంతకు ముందెన్నడూ లేనంతగా అది ఫోన్ల నుంచి ఫోన్లకు వెళ్లింది. ఆ బొమ్మకు గ్యాస్ బండ తగిలించి ఎవరెవరో నవ్వుకున్నారు. పదిరోజులకు ఆ కంపెనీ, పాఠకుల అభిప్రాయాన్ని గౌరవించి వీరుణ్ణి కొత్తగా గీస్తున్నామని ప్రకటించింది. ఆరోజు డైరీలో ఎర్ర సిరాతో రాసుకున్నాను, 'నా మాటకు ఒక భుజం లేచింది' అని.

ఆ ఆదివారం మామ ఇంట్లో భోజనం. అత్తమ్మ బగారన్నం, మటన్ చేసింది. నేను తింటుండగా మామ ఫోన్ తెచ్చి నా పళ్లెం పక్కన పెట్టాడు. అదే పేజీ. పాత బొమ్మ.

"నన్ను పట్టుకున్నవా ఇండ్ల?" అన్నాడు.

ఎడమచేత్తో బొమ్మను పెద్దది చేశాను. చిన్నప్పటి నుంచి నాకు వెతకడం తెలిసిన చోటే వెతికాను. కింద పడి ఉన్న దుండగుల్ని ఒక్కొక్కర్నీ చూశాను. ఐదుగురున్నారు. ఏ భుజమూ మామది కాదు. బోర్లా పడ్డవాణ్ణి చూపించి, "ఈయనేనా?" అన్నాను.

మామ నవ్వాడు. "కింద కాదు బిడ్డా. జర పైన సూడు."

పైన చూశాను. అక్కడ వీరుడొక్కడే ఉన్నాడు.

"కంప్యూటర్ల ఎక్కియ్యనీకి నల్ల డ్రెస్సు తొడిగి, ఒంటి నిండ తెల్ల గోలీలు అతికించి నెలరోజులు దుంకిపిచ్చిన్రు" అన్నాడు మామ. "పడుడు కాదు, నిలవడాలె అన్నరు. నాకు నిలవడుడు రాదు సార్ అంటె, మీరెట్ల నిలవడితె గట్లనే గీస్తమన్నరు. పుస్తకం ఎన్క పేరేస్తమన్నరు. నువ్వే పట్టుకుంటవని ఎవ్వరికి చెప్పలే."

"ఇప్పుడు ఏస్తలేరు" అంది అత్తమ్మ వంటింట్లోంచి. "ఎవడో ముసలోడు ఫోన్ల రాసిండట, వంకరున్నడని. మల్ల కొత్తగ గీస్తున్నరట, ఇగ ఈయనతోని పనిలేదని ఫోన్ చేసిన్రు. వానికి ఇంట్ల తిండి పెడ్తలేరో ఏమో, మందిమీద పడి ఏడుస్తడు." అంటూ వచ్చి నా పళ్లెంలో ఇంకో మటన్ ముక్క వేసింది.

"పోనియ్" అన్నాడు మామ. "గా ముసలాయన ఏం రాసిండో పూరా ఎవ్వరు చెప్తలేరు. ముక్కలు ముక్కలు చెప్పి నవ్వుతున్రు. నువ్వు సదువు బిడ్డా, నీకు సదువుడు మంచిగొస్తది."

చదివాను. ఎంగిలి చెయ్యి ఎండిపోతుంటే, నా వాక్యాలు ఒక్కొక్కటీ ఆయన ముందు పెట్టాను. డైరీలో మెరిసిన మాటలు ఆ గదిలో ఎంత నీచంగా వినబడ్డాయో చెప్పలేను. గ్యాస్ బండ దగ్గర అత్తమ్మ మళ్లీ ఏదో తిట్టింది. డాక్టర్ దగ్గర మామ కొంచెం నవ్వాడు. "అసలు గుద్దేవాడిదేముంది" అనే చోటికి వచ్చి తలెత్తాను. మామ కళ్లు మూసుకుని ఉన్నాడు. "చెయ్యి ఊపుతడు" అన్నాడు మెల్లగా, నేను చదవకముందే. లేచి కిటికీ దగ్గరికి వెళ్లి, బిందెలోంచి నీళ్లు ముంచుకుని తాగాడు. వెలుగుకు ఎదురుగా ఆ వీపు, ఆ దిగిన భుజం. ఎంత పెద్ద గుంపులోనైనా పట్టుకోగలనని గర్వపడ్డ వీపు. అది ఒక్కసారి గెలిచినవాడి చోట నిలబడితే నేను పోల్చుకోలేకపోయాను. సినిమాలు మామను ఎక్కడ ఉంచాయో నేనూ ఆయన్ని అక్కడే ఉంచి చూశాను. ఆ సినిమాలను ఇన్నేళ్లూ తిట్టినదాన్ని.

సాయంత్రం ఎప్పటిలాగే నన్ను ఆటో ఎక్కించడానికి నాచారం చౌరస్తా దాకా వచ్చాడు. నేను ఆటోను పిలవలేనని ఆయనకు తెలుసు. చెప్పాలని దారి పొడుగునా అనుకున్నాను. మిర్చి బండి దాటాం, మందుల షాపు దాటాం, చౌరస్తా వచ్చేసింది. ఆయనే చెయ్యెత్తి ఆటో ఆపి, చిల్కానగర్ దగ్గర దింపమని డ్రైవర్‌కు చెప్పాడు. నేను ఎక్కి కూర్చున్నాక లోపలికి వంగాడు. ఎన్నాళ్లు గడిచినా ఆ క్షణం నాకు పాతబడడం లేదు. మొన్న కొత్త పుస్తకంలో గోడకు మేకులతో కొట్టినట్టు నిటారుగా నిలబడ్డ ఆ వీరుణ్ణి చూసినప్పుడూ మామ అప్పుడన్న మాటే వినబడింది.

"గా రాసినాయన కుడి భుజం అని రాసిండు. నాది ఎడమది" అన్నాడు మామ. "ఏం కాదు తియ్. ఇన్నేండ్లు ఎన్కకెళ్లి సూసి సూసి, ఒక్కసారి ఎదురుంగ సూస్తె కుడెడమలు తప్పుతయి బిడ్డా."