కమాల్ బాషా బొటనవేలు

జమ్మలమడుగు బస్సు ప్రొద్దుటూరు స్టాండు దాటగానే బస్సుల్లో చార్టులమ్మే కమాల్ బాషా లేచి, చూపడానికి ఉంచుకున్న రాష్ట్రాలు-రాజధానుల పాత చార్టు విప్పుతాడు. "ఐదు నదుల పంజాబు, చండీగఢ్! రాజుల గడ్డ రాజస్థాన్, జైపూర్! దేవుడి సొంత నాడు కేరళ, తిరువనంతపురం!" గొంతు కంచులా మోగుతుంది. "అన్నపూర్ణ ఆంధ్రప్రదేశ్" దగ్గరికొచ్చేసరికి మాత్రం దగ్గు అందుకుంటుంది, బొటనవేలు ఆ గడిని కప్పేస్తుంది. రాజధాని ఒకటా మూడా అని పార్టీలు తన్నుకుంటున్న ఏళ్లవి. వెనక ఫ్యాక్షన్ కాలంలో అతని అన్న జమాల్‌ను ఇదే దారిలో బస్సు దింపి, ఎవరి మనిషివని అడిగారు. చెప్పిన పేరు వాళ్లకు నచ్చలేదు. జమాల్ మళ్లీ ఇల్లు చేరలేదు.

ఒకరోజు గుబురు మీసాల ఆసామి ఒకడు బాషా చెయ్యి పట్టుకున్నాడు. "మనదేంది రాజధాని? వేలు తియ్యప్పా."

బాషా అతని తువ్వాలు రంగు చూశాడు, జేబు చూశాడు. ఏ పార్టీయో తెలియలేదు. మెల్లగా వేలు తీశాడు. ఏళ్ల చెమటకు అక్కడ అచ్చు చెరిగిపోయి తెల్లగా ఉంది.

ఆసామి వెనక సీట్ల వైపు ఒకసారి చూసి, బాషా చెవి దగ్గరికి వంగాడు.

"బిడ్డకు రేపు పరీక్షుందప్పా. ఈడొద్దు, దిగినాక చెప్పు."