చప్పట్లు పైనే

అద్దెకున్నవాళ్లకు మేడమీద మాంసం కాల్చే పొయ్యి ఉన్నచోటి తాళంచెవి ఇవ్వకూడదని బ్యూనస్ ఎయిర్స్‌లోని ఆ భవనంలో ఇళ్ల యజమానులు తీర్మానించుకున్నారు. అక్కడ అద్దెకుండే ముసలాయన ఎవరిస్తో ఏళ్లుగా నోరెత్తలేదు. బాల్కనీలో బొగ్గులు కూడా కూడదన్నాక, భార్య నెలిదాను వెంటబెట్టుకుని చిన్న కరెంటు గ్రిల్లు కోసం దుకాణానికి వెళ్లాడు. నిప్పుల సెగ చూసినట్టే ఒక్కో గ్రిల్లు మీదా అరచెయ్యి చాపి, కళ్లు మూసుకున్నాడు.

"ఇంకా ప్లగ్గు పెట్టలేదు పెద్దాయనా," అన్నాడు దుకాణదారు.

"ఆ చేతికి చెప్పినా వినదులే నాయనా," అంది నెలిదా. "ముసలాయనా, చిన్నది చూడు. ఇంత పెద్దది బాల్కనీలో పెడితే నువ్వు వీధిలో నిలబడి కాల్చాలి."

"ఇదిగో, దీనికి పొగే రాదు," అన్నాడు దుకాణదారు.

"పొగ రాకపోతే కాలుస్తున్నానని ఇంట్లోవాళ్లకు తెలిసేదెలా?" అన్నాడు ఎవరిస్తో. అయినా దాన్నే కొన్నాడు.

ఆదివారం మాంసం బాగానే కాలింది. పళ్లెం బల్లమీద పెట్టి, చేతులు తుడుచుకుంటూ బాల్కనీ గుమ్మంలో నిలబడ్డాడు. కాల్చినవాడికి అందరూ చప్పట్లు కొట్టాకే తినడం అక్కడి ఆనవాయితీ. పొగా నిప్పూ కనబడక పిల్లలకు ఆ సంగతే గుర్తురాలేదు, తినడం మొదలుపెట్టేశారు. అంతలో మేడమీద ఎవరికో చప్పట్లు మోగాయి. ఎవరిస్తో తలెత్తి ఒకసారి పైకి చూసి, వంగి ప్లగ్గు పీకాడు.

అలాంటి తాళంచెవి మీ జేబులో ఉంటే, వచ్చే మీటింగులో అద్దెవాళ్ల తరఫున చెయ్యెత్తండి.