పావు చుట్టు

ఇనుప పనుల షెడ్డులో అందరూ ఆమెను చెవులమ్మ అనేవారు. నడుస్తున్న మిషనులో ఏ భాగానికి నలతగా ఉందో శబ్దం విని చెప్పేసేది. భర్త పోయాక బావగారే తీసుకొచ్చి ఆకురాయి చేతికిచ్చారు. పదకొండేళ్లు ఇనుము అరగదీసింది. ఇనుమును చెక్కే మిల్లింగ్ మిషను జోలికి మాత్రం ఆయన ఎవరినీ రానిచ్చేవారు కాదు.

ఆ ఉదయం దాని టేబుల్ మీద బిగించి ఉన్నది ఊరి నీళ్ల పంపుకి కొత్త తొడుగు. పాతది పగిలి నాలుగు రోజులైంది. జనం ట్యాంకర్ల వెంట పరుగులు పెడుతున్నారు. ఇది పాడై మళ్లీ పోత పోయించాలంటే నెల పడుతుంది. రెండు ముఖాలు చెక్కడం అయింది. మూడోది మొదలుపెట్టగానే కట్టర్ గడగడా వణికి, ఇనుము మీద చేప పొలుసుల్లా గీతలు పడ్డాయి.

"ఆపండి బావగారూ! టేబుల్ ఊగుతోంది."

"ఇరవై ఏళ్లుగా నడుపుతున్నా, నాకు తెలీదా అమ్మాయ్? పోత గట్టిది, అంతే."

"పోత గట్టిదైతే కట్టర్ అరుస్తుంది. ఇది టేబుల్ మూలుగు."

షెడ్డు యజమాని పరుగున వచ్చాడు. "ఇలాగే కానిచ్చేస్తే?"

"ముఖం ఎగుడుదిగుడవుతుంది. నీళ్లు కారతాయి," అందామె.

బావగారు మొహం గంటు పెట్టుకున్నారు. యజమాని ఆమె వైపు తిరిగి, "అయితే నువ్వే చూడమ్మా. పాడైందో..." అని మిగతా మాట మింగేశాడు.

టేబుల్ జారే గాడిలో సందు పూడ్చడానికి పొడుగాటి ఇనుప బద్ద ఉంటుంది; ఒక కొస సన్నం, ఒక కొస లావు. ఒక చివర ఉన్న మర వదులు చేసి రెండో చివరిది బిగిస్తే బద్ద లోపలికి జరిగి సందు పూడుతుంది. చిక్కల్లా, దాంతోపాటు టేబులూ వెంట్రుకవాసి పక్కకు జరగొచ్చు. అది తెలియకపోతే చెక్కిన రెండు ముఖాలకూ మూడోది కుదరదు. అందుకే ముందు, అంత చిన్న కదలికనూ చూపే డయల్ గేజ్‌ను చెక్కిన ముఖానికి ఆనించి ముల్లు సున్నాకు పెట్టుకుంది.

మర పావు చుట్టు బిగించింది. అరచేత్తో నెట్టి చూస్తే ఇంకా ఊగుతోంది. మరో పావు. ముల్లు కదిలింది. టేబుల్‌ను పక్కకు జరిపే అడ్డం హ్యాండిల్ పట్టుకుని ముల్లును మళ్లీ సున్నాకు తెచ్చింది.

ఊగడం పోయింది. కానీ టేబుల్‌ను ఒక చివరికి నడపగానే పట్టేసింది. మర వదిలితే మళ్లీ మధ్యలో ఊగుతుంది. ఏం చేయాలో తోచక నిలబడిపోయింది.

"ఈ ముఖం జానెడే కదా. చివరిదాకా పోనక్కర్లేదు, అలాగే ఉంచు," అన్నారు బావగారు, ఆమెకు మాత్రమే వినిపించేలా మెల్లగా. "గాడి మధ్యలో అరిగిపోయింది. రెండేళ్లుగా తెలుసు నాకు. చెబితే దాన్నీ నన్నూ కలిపి పాత ఇనుముకి తోలేస్తారని..."

ఆమె మరను అలాగే ఉంచింది. మిషను ఆన్ చేసింది. ముగ్గురూ రెప్ప వేయలేదు. ఈసారి కట్టర్ ఒకే శ్రుతిలో సాగి, ముఖం నున్నగా తేలింది.

మర్నాటికి ఊరికి నీళ్లొచ్చాయి. బావగారు తనంతట తానే వెళ్లి గాడి సంగతి యజమానికి చెప్పారు, నాలుగు చీవాట్లు తిన్నారు. ఆ గాడిని గీకి సమం చేయడానికి ఇరవై రోజులు పట్టింది. గీకింది ఆమె, ఎక్కడెక్కడ ఎత్తుందో వేలితో తడిమి చూపించింది ఆయన.